మీకు తెలుసా? చీపురుపల్లి నుంచి చూస్తే రాష్ట్ర రాజకీయం

విజయనగరం దాటి పలాస వైపు వెళ్లే రైలు మార్గంలో చీపురుపల్లి ఓ మాదిరి ఊరు. అమరావతి ఇక్కడికి చాలా దూరం. అయినా గత ఇరవై ఏళ్లలో రాష్ట్ర ప్రభుత్వం చుట్టూ రేగిన పెద్ద గొడవలు చాలావాటిలో ఈ నియోజకవర్గం పేరో, ఇక్కడ గెలిచినవాళ్ల పేరో, ఓడినవాళ్ల పేరో వినిపించింది. చీపురుపల్లి, గరివిడి, గుర్ల, మెరకముడిదాం అనే నాలుగు మండలాల ఈ నియోజకవర్గం నుంచి మొదలుపెట్టి, మన రాజకీయాల్లో చాలామంది మరిచిపోయిన సంగతులు, పేపర్లో చదివినా ఒకదానితో ఒకటి కలిపి చూడని సంగతులు కొన్ని ఇక్కడ చెప్తాను.

ఒక్క ఓటుతో పడిపోయిన ప్రభుత్వం

తెలుగువాళ్ల తొలి రాష్ట్ర ప్రభుత్వం ఏడాది పైచిలుకు మాత్రమే బతికింది. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. టంగుటూరి ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి అయ్యారు. 1954 నవంబరు 6న ఆయన ప్రభుత్వం మీద అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గింది. తగువు మద్యనిషేధం మీద. నిషేధం ఎలా అమలవుతోందో చూడటానికి వేసిన రామమూర్తి కమిటీ దాన్ని ఎత్తేయమని చెప్పింది, ప్రభుత్వం ఒప్పుకోలేదు. తాటిచెట్టునే నమ్ముకున్న కుటుంబాల కూడు పోయింది. ఆ గీత కార్మికుల తరఫున ఉద్యమం నడిపిన నాయకుడు ఎవరో కాదు, సిక్కోలు (శ్రీకాకుళం) మనిషి, బారువకు చెందిన గౌతు లచ్చన్న. అప్పటికి చీపురుపల్లి కూడా శ్రీకాకుళం జిల్లాలోనే ఉంది. పదవుల పంపకం కోసమో, కులం లెక్కల కోసమో కాక, పేదవాళ్ల జీవనోపాధి ప్రశ్న మీద మన మొదటి ప్రభుత్వం కూలిందన్న విషయాన్ని పాఠ్యపుస్తకాల్లో ఒక వాక్యంతో సరిపెడతారు. అది చాలదు.

జిల్లా మారింది, ఊరు మారలేదు

1979 జూన్ 1న విజయనగరం జిల్లా పుట్టినప్పుడు చీపురుపల్లి శ్రీకాకుళం నుంచి ఇటు వచ్చింది. ఆ శ్రీకాకుళం జిల్లా కూడా 1950లో విశాఖపట్నం జిల్లా నుంచి విడిపోయిందే. అంటే 1950కి ముందు పుట్టిన పెద్దలు ఉన్నచోటు నుంచి కదలకుండానే మూడు జిల్లాల మనుషులయ్యారు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో రాష్ట్రంలో జిల్లాలు 13 నుంచి 26 అయినప్పుడు చీపురుపల్లి రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. భూమి తగువు మీద ఆర్డీవో దగ్గరికి వెళ్లాలంటే బస్సెక్కాల్సిన దూరం ఆ రోజుతో తగ్గింది. రాజకీయ ప్రకటనల్లో పెద్దగా వినపడని ఇలాంటి మార్పే సామాన్యుడికి నిజంగా పనికొస్తుంది.

రద్దు కోరిన సభలోనే ప్రతిపక్ష నాయకుడు

శాసనమండలి కథ ఎంత మలుపులు తిరిగిందో చీపురుపల్లి వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియకపోవచ్చు.

మన మండలి 1958లో మొదలైంది. 1985లో ఎన్టీఆర్ దాన్ని రద్దు చేయించారు. 2007లో వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం తిరిగి తెచ్చింది. 2020 జనవరి 20న వైసీపీ ప్రభుత్వం మూడు రాజధానుల బిల్లును శాసనసభకు తెచ్చింది. అదే రోజు రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ (సీఆర్డీఏ) చట్టాన్ని రద్దుచేసే బిల్లును సభలో పెట్టింది చీపురుపల్లి ఎమ్మెల్యే, అప్పటి పురపాలక మంత్రి బొత్స సత్యనారాయణ. శాసనసభలో అడ్డు లేదు. మండలిలో మాత్రం తెలుగుదేశానికి బలం ఉంది. జనవరి 22న మండలి చైర్మన్ ఎం.ఎ. షరీఫ్ తన విచక్షణాధికారంతో బిల్లుల్ని సెలెక్ట్ కమిటీకి పంపుతున్నట్టు ప్రకటించారు. అయిదు రోజులు తిరక్కుండానే, జనవరి 27న, మండలినే రద్దు చేయాలని శాసనసభ తీర్మానించింది.

తీర్మానం చేసినంత మాత్రాన మండలి పోదు. రాజ్యాంగం 169వ అధికరణం ప్రకారం శాసనసభ అడగవచ్చు, చట్టం చేయాల్సింది మాత్రం పార్లమెంటు. పార్లమెంటు ఆ పని చేయలేదు. 2021 నవంబరులో శాసనసభ తన తీర్మానాన్ని తానే వెనక్కి తీసుకుంది. ఆ వారంలోనే మూడు రాజధానుల చట్టాలనూ ఉపసంహరించుకుంది. 2022 మార్చి 3న హైకోర్టు, రాజధానిని మార్చే చట్టం చేసే అధికారం శాసనసభకు లేదని తీర్పు చెప్పింది.

ఇక 2024. చీపురుపల్లిలో ఓడిన బొత్స, ఆగస్టులో విశాఖ స్థానిక సంస్థల స్థానం నుంచి ఏకగ్రీవంగా మండలికి ఎన్నికయ్యారు. తర్వాత అక్కడే ప్రతిపక్ష నాయకుడయ్యారు. శాసనసభలో వైసీపీకి వచ్చింది 11 సీట్లు, సభ బలం 175. పదోవంతు లేనందువల్ల అక్కడ జగన్మోహనరెడ్డికి ప్రతిపక్ష నాయకుడి హోదా దక్కలేదు. అలా, అంతకు నాలుగేళ్ల ముందు వద్దనుకున్న సభే ఇప్పుడు ఆ పార్టీకి ప్రతిపక్ష నాయకుడి హోదా ఉన్న ఏకైక చోటు. ఏ సభనైనా ఆ రోజు అవసరాన్ని బట్టి ఉంచడం, తీసేయడం అనే పద్ధతి ఎవరికీ మంచిది కాదని నేను గట్టిగా నమ్ముతాను. అధికారంలో ఉన్నవాళ్లకు అడ్డుగా కనిపించేది, దిగిపోయాక వాళ్లకే అండ అవుతుంది.

మండలి ఒక బిల్లును ఎంతకాలం ఆపగలదు? ఆర్థికేతర బిల్లునైతే మొదటిసారి మూడు నెలలు, శాసనసభ మళ్లీ ఆమోదించి పంపితే ఇంకో నెల. అంతే. ద్రవ్యబిల్లునైతే 14 రోజులు. మూడు రాజధానుల బిల్లులు రెండోసారి మండలికి వెళ్లింది 2020 జూన్‌లో. చర్చకు రాకుండానే సభ వాయిదా పడింది. నెల గడిచింది, గవర్నరు జులై 31న సంతకం పెట్టారు. ఆరు నెలలు వీధుల్లో, టీవీల్లో జరిగిన అంత పోరుకూ చట్టం పుస్తకంలో జవాబు ఒక్క అధికరణంలో ఉంది.

పోలిక కోసం కెనడాను చూడండి. అక్కడ ఇప్పుడు పది ప్రావిన్సులు, అంటే మన రాష్ట్రాల్లాంటివి, ఉన్నాయి. ఒక్కదానిలోనూ ఎగువసభ లేదు. చివరిగా క్యుబెక్ 1968లో తీసేసింది.

ఒకే ఇంటి పేరు, ఒకే టికెట్

2014లో చీపురుపల్లి నుంచి తెలుగుదేశం తరఫున గెలిచింది కిమిడి మృణాళిని. అప్పుడు ఓడింది రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్షుడిగా చేసిన బొత్స. మృణాళిని మంత్రి అయ్యారు. 2017 ఏప్రిల్ 2న మంత్రివర్గ విస్తరణలో ఆమె పదవి పోయింది. అదే రోజు ఆమె భర్త సోదరుడు, ఎచ్చెర్ల ఎమ్మెల్యే కిమిడి కళా వెంకట్రావు మంత్రిగా ప్రమాణం చేశారు. 2019లో చీపురుపల్లి టికెట్ మృణాళిని కుమారుడు నాగార్జునకు ఇచ్చారు. వైసీపీ తరఫున బొత్స ఆయన మీద గెలిచారు.

2024 ఎన్నికల ముందు జరిగింది మరీ ఆసక్తికరం. బొత్స మీద పోటీకి గంటా శ్రీనివాసరావును చీపురుపల్లి వెళ్లమని తెలుగుదేశం అడిగింది. ఆయన ఒప్పుకోలేదు, భీమిలి వెళ్లారు. ఎచ్చెర్ల పొత్తులో బీజేపీకి పోయింది. దాంతో చీపురుపల్లి టికెట్ కళా వెంకట్రావుకు వచ్చింది. అయిదేళ్లు నియోజకవర్గంలో తిరిగిన నాగార్జున నొచ్చుకున్నారు. ఒకే ఇంట్లో ఒకరికి టికెట్, ఇంకొకరికి నిరాశ. చివరకు కళా వెంకట్రావు సుమారు 12 వేల ఓట్ల ఆధిక్యంతో గెలిచారు.

ఇందులో ఎవరినీ తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. నాలుగు మండలాల జనం ఓటు వేసే రోజుకు ముందే సగం ఎంపిక ఒక ఇంటి వరండాలో అయిపోతోంది. ఓటరుకు మిగిలేది రెండో సగం మాత్రమే. పార్టీలు తమ అభ్యర్థిని నియోజకవర్గ కార్యకర్తల ఓటుతో ఎంచుకునే పద్ధతి కెనడా ప్రావిన్సుల్లో మామూలే. ఇక్కడ ఎందుకు కుదరదో ఏ పార్టీ అయినా చెప్పాలి.

చీపురుపల్లి నుంచి మహిళలు శాసనసభకు వెళ్లడం మృణాళినితో మొదలు కాలేదు. 1983లో తెలుగుదేశం తొలి గాలిలోనే త్రిపురాన వెంకటరత్నం ఇక్కడ గెలిచారు. ఆ తర్వాత టంకాల సరస్వతమ్మ. రాష్ట్రంలో ఇన్నిసార్లు మహిళలను ఎన్నుకున్న జనరల్ నియోజకవర్గాలు ఎన్ని ఉన్నాయో వేళ్ల మీద లెక్కపెట్టి చూడండి. పక్క జిల్లా శ్రీకాకుళం నుంచి వెళ్లిన కావలి ప్రతిభా భారతి 1999లో ఉమ్మడి రాష్ట్ర శాసనసభకు తొలి మహిళా స్పీకర్ అయ్యారు.

తాత పోయిన సీటు, మనవడికొచ్చిన పదవి

బొబ్బిలి ఎంపీ కొండపల్లి పైడితల్లినాయుడు 2006లో చనిపోయారు. ఉపఎన్నికలో బొత్స సత్యనారాయణ భార్య ఝాన్సీ లక్ష్మి గెలిచి లోక్‌సభకు వెళ్లారు. చీపురుపల్లి అప్పటికి బొబ్బిలి లోక్‌సభ స్థానంలో ఉండేది. 2008 పునర్విభజనతో బొబ్బిలి స్థానం పోయి విజయనగరం వచ్చింది. 2024లో గజపతినగరంలో బొత్స తమ్ముడు అప్పలనరసయ్య మీద గెలిచి, రాష్ట్ర మంత్రి అయిన కొండపల్లి శ్రీనివాస్, ఆ పైడితల్లినాయుడి మనవడే. మంత్రివర్గంలో ముఖ్యమంత్రితో కలిపి 26 మందికి మించి ఉండకూడదన్న లెక్క కూడా ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 2003 నాటి 91వ రాజ్యాంగ సవరణ సభ బలంలో 15 శాతమే మంత్రులుండాలని గీత గీసింది. సీనియర్లకు పదవి రాకపోతే అనుచరులు అలుగుతారు గానీ, ఆ గీత లేకపోతే మంత్రుల కార్లకే బడ్జెట్ చాలేది కాదు.

రాని కారు కంపెనీ

2005లో విశాఖలో వోక్స్‌వ్యాగన్ కార్ల కర్మాగారం వస్తుందని ఉత్తరాంధ్ర కుర్రాళ్లంతా ఆశపడ్డారు. వశిష్ట వాహన్ అనే సంస్థకు రాష్ట్ర ప్రభుత్వం సుమారు 11 కోట్ల రూపాయలు కట్టింది. కర్మాగారం రాలేదు. అప్పుడు భారీ పరిశ్రమల శాఖ మంత్రి బొత్స. సభ దద్దరిల్లింది. కేసు సీబీఐకి వెళ్లింది. వోక్స్‌వ్యాగన్ చివరకు పుణె దగ్గర చకన్‌లో ఫ్యాక్టరీ కట్టింది. గరివిడిలో ఫెర్రో అల్లాయ్స్ పొగగొట్టాల నీడలో పెరిగిన తరానికి ఒక ఫ్యాక్టరీ అంటే ఏమిటో బాగా తెలుసు. జీతం, క్వార్టర్లు, బడి, ఆసుపత్రి. అందుకే ఆ 11 కోట్లు పోయినదానికంటే ఆ ఉద్యోగాలు రాకుండా పోవడమే ఎక్కువ బాధించింది.

విజయనగరంలో కర్ఫ్యూ

2013 అక్టోబరులో తెలంగాణ ఏర్పాటుకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపాక, సమైక్యాంధ్ర ఆందోళనకారుల కోపం అప్పటి పీసీసీ అధ్యక్షుడు బొత్స ఇంటి మీదికి, ఆస్తుల మీదికి మళ్లింది. రోజుల తరబడి విజయనగరం పట్టణంలో కర్ఫ్యూ పెట్టారు. సంగీతం, సాహిత్యం, సిరిమాను సంబరం తప్ప ఇంకో కారణంతో పేపర్లకెక్కని పట్టణం అది. హైదరాబాదు, ఢిల్లీల్లో జరిగిన నిర్ణయానికి మంట ఇక్కడ అంటుకుంది.

అయిదు నెలలు తాళం వేసిన బ్యాలెట్ పెట్టెలు

2020 మార్చిలో కోవిడ్ కారణంగా రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్‌కుమార్ స్థానిక ఎన్నికలను వాయిదా వేశారు. ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి కమిషనర్ పదవీకాలాన్ని కుదించింది, ఆయన పదవి పోయింది. మే 29న హైకోర్టు ఆ ఆర్డినెన్సును కొట్టేసింది. 2021 జనవరిలో ఎన్నికల వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లాక పంచాయతీ ఎన్నికలు ఫిబ్రవరిలో జరిగాయి. ఈ మధ్యలో కమిషనర్ ఏ మంత్రుల మీద గవర్నరుకు ఫిర్యాదు చేశారో వాళ్లలో చీపురుపల్లి ఎమ్మెల్యే బొత్స ఒకరు. మంత్రులు తిరిగి కమిషనర్ మీద సభాహక్కుల నోటీసు ఇచ్చారు.

ఎంపీటీసీ, జడ్పీటీసీ పోలింగ్ 2021 ఏప్రిల్ 8న జరిగింది. తెలుగుదేశం బహిష్కరించింది. కోర్టు వ్యవహారం తెమలక, ఓట్ల లెక్కింపు సెప్టెంబరు 19కి గానీ జరగలేదు. ఉమ్మడి విజయనగరం జిల్లాలోని 34 జడ్పీటీసీ స్థానాలూ వైసీపీవే. ప్రతిపక్షం ఒక్కరూ లేని జిల్లా పరిషత్‌లో తాగునీటి గురించి, రోడ్డు గురించి నిలదీసే గొంతు ఎక్కడి నుంచి వస్తుంది? బహిష్కరించినవాళ్లూ, అలాంటి పరిస్థితి తెచ్చినవాళ్లూ ఇద్దరూ జవాబు చెప్పాల్సిన ప్రశ్న ఇది.

గోడ దూకితే ఏమవుతుంది?

2014లో వైసీపీ టికెట్ మీద గెలిచి తెలుగుదేశంలోకి వెళ్లిన ఎమ్మెల్యేలు 23 మంది. వాళ్లలో బొబ్బిలి ఎమ్మెల్యే సుజయ్‌కృష్ణ రంగారావు ఒకరు. 2017 ఏప్రిల్ 2న, మృణాళిని పదవి పోయిన రోజునే, ఆయన మంత్రి అయ్యారు. ఫిరాయింపుల నిరోధక చట్టం 1985 నుంచి ఉంది. కానీ అనర్హత తేల్చేది స్పీకర్, ఆ అయిదేళ్లలో ఒక్కరి మీద కూడా వేటు పడలేదు. 2019లో తెలుగుదేశానికి వచ్చిన సీట్లు సరిగ్గా 23. జనం లెక్క మరిచిపోలేదని అప్పట్లో చాలామంది అనుకున్నారు.

అదే చట్టం మండలిలో వేరేలా పనిచేసింది. విజయనగరం స్థానిక సంస్థల ఎమ్మెల్సీ ఇందుకూరి రఘురాజు పార్టీ మారారని వైసీపీ ఫిర్యాదు చేస్తే, 2024 జూన్‌లో మండలి చైర్మన్ అనర్హత వేటు వేశారు. నవంబరు 28న ఉపఎన్నిక అన్నారు. వైసీపీ అభ్యర్థిని కూడా ప్రకటించింది. ఇంతలో హైకోర్టు, రఘురాజు వాదన సరిగా వినలేదంటూ అనర్హతను కొట్టేసింది. ఎన్నికల సంఘం ఉపఎన్నికను రద్దు చేసింది. ఒకే చట్టం కింద ఒకచోట అయిదేళ్లు తీర్పే రాలేదు, ఇంకోచోట తొందరపడి తీర్పు నిలవలేదు. నిర్ణయాన్ని పార్టీ మనిషైన సభాధ్యక్షుడి చేతిలోంచి తీసి, గడువు పెట్టి, స్వతంత్ర వ్యవస్థకు అప్పగిస్తే తప్ప ఇది మారదు.

కెనడాలో అసలు ఫిరాయింపుల చట్టమే లేదు. 2014 డిసెంబరులో ఆల్బెర్టా ప్రావిన్సులో ప్రతిపక్ష వైల్డ్‌రోజ్ పార్టీ నాయకురాలు డేనియల్ స్మిత్, మరో ఎనిమిది మంది సభ్యులతో కలిసి అధికార పక్షంలోకి వెళ్లిపోయారు. ప్రతిపక్ష నాయకురాలే ప్రభుత్వంలో చేరిపోయింది! వాళ్లను చేర్చుకున్న ప్రీమియర్ జిమ్ ప్రెంటిస్ ముందస్తు ఎన్నికలకు వెళ్లారు. 2015 మే నెలలో సుమారు 44 ఏళ్లుగా పాలిస్తున్న ఆయన పార్టీ ఓడిపోయింది. తను గెలిచిన కాల్గరీ ఫుట్‌హిల్స్ సీటును ఆయన ఫలితాల రాత్రే వదులుకున్నారు. ఆ సెప్టెంబరులో జరిగిన ఉపఎన్నికలో అక్కడ వైల్డ్‌రోజ్ తరఫున గెలిచింది తెలుగువాడు, ప్రసాద్ పండా. తర్వాత ఆయన ఆల్బెర్టా మంత్రి కూడా అయ్యారు. గోడ దూకిన డేనియల్ స్మిత్ మళ్లీ పుంజుకుని 2022లో ఆ ప్రావిన్సుకే ప్రీమియర్ అయ్యారు.

బ్రిటిష్ కొలంబియాలో 1995 నుంచి మరో పద్ధతి ఉంది. నచ్చని సభ్యుణ్ని మధ్యలోనే వెనక్కి పిలిచే హక్కు ఓటర్లకు ఇచ్చారు. తగినన్ని సంతకాలు కూడగట్టాలి, అది చాలా కష్టం. మన ఎమ్మెల్యేల విషయంలో అలాంటి హక్కు లేదు.

మాస్టారికి రెండు ఓట్లు ఎక్కువ

చీపురుపల్లిలో డిగ్రీ చదివిన హైస్కూలు ఉపాధ్యాయుడు అసెంబ్లీ, పార్లమెంటులకే కాదు, పట్టభద్రుల, ఉపాధ్యాయుల ఎమ్మెల్సీ ఎన్నికల్లోనూ ఓటు వేయవచ్చు. 2025 ఫిబ్రవరిలో జరిగిన ఉత్తరాంధ్ర ఉపాధ్యాయ స్థానం ఎన్నికలో, అధికార తెలుగుదేశం కూటమి నేతలు మద్దతిచ్చిన పాకలపాటి రఘువర్మ ఓడి, గాదె శ్రీనివాసులునాయుడు గెలిచారు. రాష్ట్రమంతా ఒక గాలి వీస్తున్నా, తమ వృత్తి సమస్యల మీద తాము వేరుగా ఓటేస్తామని మాస్టార్లు చూపించారు.

రెండు శంకుస్థాపనలు

భోగాపురం విమానాశ్రయానికి శంకుస్థాపన రెండుసార్లు జరిగింది. 2019 ఫిబ్రవరి 14న చంద్రబాబు, 2023 మే 3న జగన్మోహనరెడ్డి. మొదట 15 వేల ఎకరాలన్న మాట వినగానే 2015లో రైతులు తిరగబడ్డారు. తగ్గిస్తూ తగ్గిస్తూ 2,700కి, తర్వాత నిర్మాణ సంస్థకిచ్చే భూమి 2,200 ఎకరాల చిల్లరకు వచ్చింది. పది వేల ఎకరాలకు పైగా పొలం ఎవరివల్ల మిగిలిందంటే, ఏ పార్టీ వల్లా కాదు, రోడ్డు మీద కూర్చున్న ఆ పల్లెల ఆడవాళ్ల వల్ల, రైతుల వల్ల.

గిరిజన విశ్వవిద్యాలయానిదీ అలాంటి కథే. 2014 విభజన చట్టంలో హామీ. ముందు కొత్తవలస మండలం రెల్లి దగ్గర అన్నారు, ప్రభుత్వం మారాక మెంటాడ, దత్తిరాజేరు మండలాలకు మార్చారు. 2023 ఆగస్టులో అక్కడ పునాది రాయి పడింది. ఈలోగా పిల్లలు విజయనగరం పక్కన కొండకరకాంలో తాత్కాలిక భవనాల్లో చదివి, పట్టాలు పుచ్చుకుని వెళ్లిపోయారు.

పాసు పుస్తకం మీద ఎవరి బొమ్మ?

తాత సంపాదించిన పొలం పత్రం మీద అప్పటి ముఖ్యమంత్రి జగన్ ఫొటో ఎందుకని రైతు అడిగిన ప్రశ్న 2024 ఎన్నికల్లో పెద్ద ప్రశ్న అయింది. సర్వే రాళ్ల మీద కూడా పేరు చెక్కారు. భూ హక్కుల చట్టం మీద లాయర్లు కోర్టులు బహిష్కరించారు. కొత్త ప్రభుత్వం 2024 జులైలోనే ఆ చట్టాన్ని రద్దు చేసే బిల్లు తెచ్చింది, పుస్తకాల మీద రాజముద్ర ఉంటుందంది. రాళ్లు, పుస్తకాలు అచ్చేయించిన ఖర్చు ఎవరి జేబులోంచి పోయిందో వేరే చెప్పనక్కర్లేదు.

కోట, కొండ, కోర్టు

విజయనగరం రాజావారు పి.వి.జి. రాజు 1958లో మాన్సాస్ ట్రస్టును పెట్టింది చదువుల కోసం. 2020 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం చైర్మన్‌గా ఉన్న అశోక్‌గజపతిరాజును తప్పించి, ఆయన అన్నగారి కుమార్తె సంచయితను నియమించింది. 2021 జూన్ 14న హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. ఈ రెంటి మధ్యన, 2020 డిసెంబరు చివర్లో, రామతీర్థం బోడికొండ మీద రాముడి విగ్రహం తల తెగ్గొట్టారు. కొద్దిరోజుల్లోనే అన్ని పార్టీల కాన్వాయ్‌లూ ఆ కొండ కిందికి చేరాయి. చిన్నప్పటి నుంచి ఆ మెట్లెక్కిన భక్తుల మనసు ఎంత నొచ్చిందో నాకు తెలుసు. దోషులెవరో తేల్చండి అన్న వాళ్ల మొర నినాదాల్లో సరిగా వినపడలేదు.

గుర్ల నీళ్లు

ఇంతసేపు చెప్పినవన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

2024 అక్టోబరులో చీపురుపల్లి నియోజకవర్గంలోనే ఉన్న గుర్లలో అతిసారం ప్రబలింది. పక్కనున్న పెనుబర్తి, కోటగండ్రేడు లాంటి ఊళ్లకూ పాకింది. జనం చచ్చిపోయారు. అక్టోబరు 21న ఉపముఖ్యమంత్రి పవన్‌కల్యాణ్ వచ్చారు, సీనియర్ ఐఏఎస్ అధికారి విజయానంద్‌తో విచారణ జరిపిస్తామన్నారు. 24న జగన్మోహనరెడ్డి వచ్చారు. ఎంతమంది చనిపోయారన్నదాని మీద గొడవ మొదలైంది. అధికారులు ఒక అంకె, మంత్రులు ఇంకో అంకె, ప్రతిపక్షం మరో అంకె. చనిపోయినవాళ్లలో ఎవరు అతిసారంతో పోయారు, ఎవరు వేరే జబ్బుతో పోయారన్న వాదన మండలి దాకా వెళ్లింది. అయిదేళ్లు మీరేం చేశారని ఒకరు, అయిదు నెలలు మీరేం చేశారని ఇంకొకరు.

ఈ తగువులో పక్కకు పోయిన విషయం ఒకటుంది. తాగునీరు, పారిశుద్ధ్యం రెండూ రాజ్యాంగం పదకొండో షెడ్యూలు ప్రకారం పంచాయతీకి అప్పగించదగ్గ పనులు. పదిహేనో ఆర్థిక సంఘం పంచాయతీలకిచ్చిన గ్రాంటులో 60 శాతాన్ని ఈ రెండింటికే ప్రత్యేకించింది. సగం నీటికి, సగం పారిశుద్ధ్యానికి. అయితే 2021లో సర్పంచులు రాష్ట్రమంతటా రోడ్డెక్కారు. పార్టీలతో పని లేకుండా, వైసీపీ సర్పంచులు కూడా. తమ ఖాతాల్లోని ఆర్థిక సంఘం డబ్బును, తమకు చెప్పకుండానే, కరెంటు బకాయిల కింద మళ్లించారన్నది వాళ్ల ఫిర్యాదు. ట్యాంకు కడగడానికి, క్లోరిన్ కొనడానికి, పగిలిన పైపు మార్చడానికి ఉండే డబ్బు అదే. ఒక గ్రాంటు ఎటు పోయిందన్నది విసుగు పుట్టించే లెక్కలా కనిపిస్తుంది. దాని అవతలి కొసన కుళాయి దగ్గర బిందెతో నిలబడ్డ మనిషి ఉంటాడు. ఏ అంకె నిజమన్న పోటీలో గెలిచినవాళ్లకూ ఓడినవాళ్లకూ ఆ కుళాయిలోంచి వచ్చేది ఆ నీళ్లే.

2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిపారు. గుర్లలో జబ్బు వచ్చింది ఆ తర్వాత రెండు నెలలకే. ఆ విచారణలో తేలిన ప్రతి విషయాన్నీ, ఏ పైపు ఏ మురుగు కాలువలోంచి వెళ్తోందో, ట్యాంకు ఎన్నాళ్లకోసారి కడిగారో, అన్నీ గుర్ల గ్రామసభలో జనం ముందు పైకి చదివి వినిపించాలి. అది వాళ్ల హక్కు.

దానికోసం ఎవరో వస్తారని ఎదురుచూడక్కర్లేదు కూడా. 2005 సమాచార హక్కు చట్టం కింద మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయంలో దరఖాస్తు పెట్టుకోవడానికి రుసుమే లేదు. మండలస్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. తెల్లకాగితం మీద తెలుగులో రాస్తే చాలు. జవాబు 30 రోజుల్లో ఇవ్వాలి. మనిషి ప్రాణానికి సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లోనే ఇవ్వాలి.